పొగాకు – ప్రకృతి జీవనము

పొగాకు కూడ నేలలో మొలచిన ఆకే. అట్లయినచో ప్రకృతిసిద్ధమైన ఆహారమును కోరువారు దానినేల త్యజించిరి? దీనికి సమాధానము చరిత్రలో నున్నది.

అమెరికా ఖండమున పుట్టిన ఈ మొక్కను మన తీరములకు పోర్చుగీసువారు తెచ్చిరి. 17వ శతాబ్ది తొలినాళ్ళలో బిజాపురమునుండి అది అక్బరు కొలువునకు చేరినది. 1617లో జహంగీరు ధూమపానమును నిషేధించెను; అలవాటు మాత్రము ఫర్మానాకు లొంగలేదు.

మనుష్యులు మత్తునేల కోరుదురని ప్రశ్నించుచు 1890లో టాల్‌స్టాయి ఒక వ్యాసము వ్రాసెను. యజమానురాలిని గాయపరచి, ఆపై చేయాడక, సిగరెట్టు కాల్చిన పిమ్మటనే హత్యను ముగింపగల్గిన ఒక వంటవాని ఉదంతము అందున్నది. పొగ అంతరాత్మ నోరు నొక్కునని ఆయన భావము.

ఆయనను గురువుగ నెంచిన గాంధీజీకి ఈ వ్యసనము తెలియనిది కాదు. బాల్యమున సిగరెట్లకై నౌకరుల పైసలు దొంగిలించితినని ఆత్మకథలో ఆయనయే వ్రాసికొనెను. 1942లో పూనా ఆగాఖాన్ భవనమున నిర్బంధములో నుండి ఆరోగ్యమును గూర్చి వ్రాయుచు, మన్ను, నీరు, ఎండ, గాలి చికిత్సాసాధనములని బోధించెను. పొగాకును మాత్రము మద్యము, నల్లమందుల సరసన నిలిపెను. నల్లమందు కూడ మొక్కనుండియే వచ్చును గదా! కావున వస్తువు నేలలో పుట్టుట చాలదు. అది దేహమును పోషించునా, మనస్సును బానిసను జేయునా యని మనము విచారింపవలెను.

గుంటూరు ప్రాంతమున ఎన్నో కుటుంబములు ఈ పంటనే నమ్ముకొన్నవి. రైతును నిందించుట మా యుద్దేశము కాదు. 2008 అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, బహిరంగ స్థలములలో ధూమపాన నిషేధము దేశమంతట అమలునకు వచ్చినది. ఇంటిలోని గాలిని కాపాడుకొను బాధ్యత మాత్రము మనదే.