బొంగురు గొంతుకి విలువొచ్చిన కథ

మా అబ్బాయి కిందటేడు ఎవరి దగ్గరో ఒక పాత గిటారు ఆంప్లిఫైయరు కొనుక్కొచ్చాడు. కొత్తవి ఇన్ని దొరుకుతుంటే ఈ బరువు పెట్టె ఎందుకురా అంటే, "ఇందులో వాల్వులున్నాయమ్మా" అన్నాడు, వజ్రాలున్నట్టు. వెనకనుంచి తొంగిచూస్తే నిజమే, గాజు బుడ్లు ఎర్రగా వెలుగుతున్నాయి. మా తాతయ్యగారి రేడియో జ్ఞాపకం వచ్చింది నాకు. స్విచ్చి వేశాక అది వేడెక్కి నోరు విప్పేలోగా అమ్మమ్మ తీరిగ్గా తాంబూలం చుట్టుకునేది.

అంతవరకు బాగానే ఉంది. వాడు తీగ మీటగానే వచ్చిన మోతకి కింది వాటా మామ్మగారు మెట్లెక్కి వచ్చారు. "మిక్సీ ఏమన్నా పాడైందా అమ్మా?" అని అడిగారు, పాపం. నేను వెంటనే తగ్గించరా అని కేకేశాను. తగ్గించాడు. కాని వాడి మొహం చిన్నబోయింది. "తగ్గిస్తే దీని గొంతే మారిపోతుందమ్మా. నాక్కావలసిన బొంగురు గట్టిగా పెడితేనే వస్తుంది. లోపల కాస్త మార్పు చేయించాలి" అన్నాడు.

బొంగురు కావాలని కోరుకోవడమేమిటి? గొంతు బొంగురుపోతే మిరియాల కషాయం తాగేవాళ్ళం మనం! బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని కనక, వైర్ల సంగతి ఎలా ఉన్నా వాటి వెనక మనుషుల సంగతి తెలుసుకుందామనిపించింది.

1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ అనే ఆయన గాజు బుడ్డిలో గ్రిడ్ అనే మూడో భాగం అమర్చాడు. కాలవ తూముకి తలుపుంటుంది చూడండి. ఒక్క మనిషి చేత్తో తిప్పితే అంత నీరూ అతని మాట వింటుంది. గ్రిడ్ చేసేదీ అదే. గిటారు నుంచి వచ్చే బలహీనమైన కదలిక అక్కడ చేరి పెద్ద కరెంటుని ఆడిస్తుంది. అదే వాల్వు.

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ అనే ఊళ్ళో లియో ఫెండర్ 1938లో రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టాడు. తర్వాత 1946లో తన పేరున కంపెనీయే పెట్టి గిటార్లూ, ఆంప్లిఫైయర్లూ తయారుచేశాడు. ఆయనకి గిటారు వాయించడం రాదంటే నమ్ముతారా! ఆయనకి కావలసింది స్వచ్ఛమైన ధ్వని. పెట్టెని మరీ గట్టిగా పెడితే వాల్వు మోయలేక ధ్వని తరంగం కొసలు నరికేస్తుంది. అప్పుడే ఆ గీర వస్తుంది. ఆయన లెక్కలో అది లోపం.

ఆ లోపాన్నే కొందరు వరం చేసుకున్నారు. 1951లో ఐక్ టర్నర్ బృందం 'రాకెట్ 88' పాట రికార్డు చేయడానికి మెంఫిస్ వెడుతుంటే దారిలో ఆంప్లిఫైయరు దెబ్బతింది. వేరేది లేదు. స్పీకరులో కాగితాలు కుక్కి కానిచ్చేశారు. ఆ బరబరే పాటకి అందమైంది. 1958లో లింక్ రే 'రంబుల్' కోసం కావాలనే స్పీకరుకి పెన్సిలుతో పొడిచి చిల్లులు పెట్టాడు. ఒక్క మాటైనా లేని ఆ వాద్యగీతాన్ని కొన్ని రేడియో స్టేషన్లు వెయ్యమన్నాయి. ఆ ధ్వని పిల్లల్ని పాడుచేస్తుందని వాళ్ళ భయం! 1964లో లండన్‌లో డేవ్ డేవీస్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు తన చిన్న ఆంప్లిఫైయరు స్పీకరుని బ్లేడుతో కోశాడు. వాళ్ళమ్మ చూసి ఉంటే ఏమనేదో మనకి తెలుసు. ఆ చిరిగిన స్పీకరుతో వాయించిన కింక్స్ వారి పాట ఇంగ్లండులో మొదటి స్థానానికి చేరింది.

అక్కడే జిమ్ మార్షల్ అనే డ్రమ్ముల మేష్టారు కొట్టు నడుపుకునేవాడు. అమెరికా సరుకు ఖరీదెక్కువ కావడంతో, 1962లో తన మనుషులతో ఫెండర్ వారి 'బాస్‌మాన్' ఆధారంగా సొంతంగా ఒకటి చేయించాడు. పేరు జే.టి.ఎం. 45. తనదీ కొడుకు టెర్రీదీ పేర్లు కలిపి పెట్టుకున్నాడు. మొదటి దశలో ఎక్కువ పెంచే రకం వాల్వు వేయడంతో అది తొందరగా గరగరలాడేది. క్రమంగా నూరు వాట్ల పెట్టెలొచ్చాయి. నిజమైన బొంగురు కావాలంటే వాటిని పూర్తిగా తెరవాలి. తెరిస్తే చెవులు దక్కవు.

ఈ చిక్కుని విప్పిన వాళ్ళలో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఉండే రాండల్ స్మిత్ ఒకడు. 1970 ప్రాంతాల్లో ఫెండర్ వారి 'ప్రిన్స్‌టన్' అనే చిన్న పెట్టెలో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు, పన్నెండంగుళాల స్పీకరు ఇరికించాడు. స్నేహితుణ్ణి ఆటపట్టించడానికే మొదలెట్టిన పని. కార్లోస్ సాంటానా దాన్ని వాయించి మెచ్చుకుంటూ అన్న మాటలోంచే 'బూగీ' అనే పేరు పుట్టింది. తర్వాత స్మిత్ మొదటి వాల్వులకి తోడుగా ఇంకో దశ కలిపాడు. ధ్వని ఒకదాంట్లో పెరిగి, మరోదాంట్లో ఇంకా పెరిగి, అక్కడే పొంగిపోతుంది. ఎక్కడ ఎంతన్నది చూసుకోవడానికి వేరువేరు మరలు పెట్టాడు. మార్షల్ వారు కూడా 1975లో 'మాస్టర్ వాల్యూం' ఉన్న పెట్టె తెచ్చారు.

మనింటి భాషలో చెప్పాలంటే పాలు కాచడమే. గిన్నెలో ఎంత పొంగించినా, గ్లాసులో ఎంత పోసుకోవాలన్నది మనిష్టం. మొదటి మర మంట. రెండో మర గ్లాసు. పాత పెట్టెల్లో ఒకటే మర ఉండేది. మంట తగ్గిస్తే పొంగూ లేదు. అయితే పెద్ద వాల్వులూ, స్పీకరూ పూర్తిగా శ్రమపడినప్పుడు వచ్చే నిండుదనం ఈ పద్ధతిలో రాదనేవారూ ఉన్నారు. అదీ నిజమే.

మన పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్ విద్యుత్తుని ఇంకోలా వాడుకున్నాడు. మామూలు మాండొలిన్‌లో మీటిన స్వరం ఇట్టే చచ్చిపోతుంది. ఐదు తీగల ఎలక్ట్రిక్ వాద్యంలో దాన్ని నిలబెట్టి, గమకాలన్నీ పలికించాడు. ఒకరికి బొంగురు, ఒకరికి గమకం. ఎవరి గొంతు వారిది.

ఇదంతా చదివిన రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. పెళ్ళయిన కొత్తలో నేను తెల్లవారుజామున సంగీత సాధన చేసేదాన్ని. "కాస్త గొంతు తగ్గించుకోమ్మా" అన్నారు ఇంట్లో. కోపంగా కాదు, మామూలుగానే అన్నారు. తగ్గించాను. తగ్గించి పాడితే అది పాటలా లేదు. ఆరు నెలలకి మానేశాను. ఎవరూ మానెయ్యమనలేదు మరి! నేను వాడితో అన్నదీ ఆ మాటే కదా.

మర్నాడు మా అబ్బాయిని పెట్టెతో సహా పాత రేడియోలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. వాడు తనే విప్పుతానన్నాడు కాని ఒప్పుకోలేదు. వాటిలో నాలుగొందల వోల్టుల దాకా ఉంటుందిట. ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలవుంటుందిట. తెలిసినవాళ్ళు తప్ప చెయ్యి పెట్టకూడదు.

వారానికి పెట్టె తిరిగొచ్చింది, వెనకవైపు కొత్త మరతో. మొన్న మామ్మగారు మెట్ల దగ్గర ఆపి, "అబ్బాయి వాయించడం మానేశాడేమమ్మా?" అని అడిగారు.

"లేదండీ, రోజూ వాయిస్తున్నాడు" అన్నాను. తెల్లవారుజామున నా తంబురా కూడా ఆవిడకి వినిపించడం లేదని అప్పుడే తెలిసింది.