ఏడాది గుత్తకు ఎరువెవరు తోలతారు?

నంద్యాల జిల్లా సంజామల చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో ఒక లెక్క బడికెళ్లే పిల్లవాడికి కూడా తెలుసు. ఒక్క ఏడాదికి గుత్తకు తీసుకున్న రైతు ఆ చేనికి దిబ్బెరువు తోలడు. ఎరువు బలం రెండు మూడు పంటల దాకా నిలుస్తుంది, చేను మాత్రం వచ్చే ఉగాదికి ఎవరి చేతికి పోతుందో తెలియదు. అయిదేళ్లకు మాట కుదిరితే అదే రైతు బండ్లకొద్దీ తోలతాడు, గట్లు సరిచేస్తాడు. అప్పుడు భూమి గలాయన బెంగ వేరు: మధ్యలో గుత్తలు పెరిగినా తాను పాత ధరకే కట్టుబడాలి. ఒప్పందం ఎన్నాళ్లన్న ప్రశ్నలో ఉన్నదంతా ఇదే. రేపటి నష్టం ఎవరు మోయాలి, రేపటి లాభం ఎవరికి దక్కాలి? హాకీ కర్ర పట్టిన పద్దెనిమిదేళ్ల పిల్లవాడి ముందు కాగితం పెట్టి సంతకం చేయమన్నప్పుడు కూడా తేల్చుకోవలసింది దీన్నే.

మన దేశంలో ఈ కథ కొలువుతో మొదలైంది. ధ్యాన్‌చంద్ 1922లో సిపాయిగా సైన్యంలో చేరి 1956లో మేజర్‌గా విరమించాడు. ఆ మధ్యలోనే 1928, 1932, 1936 ఒలింపిక్ స్వర్ణాలు వచ్చాయి. ఆడినందుకు డబ్బు పుచ్చుకుంటే ఒలింపిక్స్‌కు అనర్హుడయ్యే రోజులవి. అందుకే ఆటకు జీతం ఉండేది కాదు, ఆడేవాడికి ఉద్యోగం ఉండేది. 1928లోనే రైల్వే క్రీడా ప్రోత్సాహక మండలి ఏర్పడింది. పోలీసు శాఖలు, బ్యాంకులు, విమాన సంస్థలు, చమురు కంపెనీలు కూడా ఆ దారినే నడిచాయి. స్పోర్ట్స్ కోటా అన్న మాట పల్లెల దాకా పాకింది.

తెలుగు నేలకూ ఇదే దారి అయింది. 1966లో సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాక, ఆటలో మెరిసిన కుర్రాళ్ల ఇళ్లలో రైలు ఉద్యోగం మీద ఆశ పెరిగింది. హైదరాబాద్ గర్వించే నందనూరి ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్ ఆడాడు. అర్జున, పద్మశ్రీ అందుకున్నాడు. దేశవాళీ పోటీల్లో ఆయన జట్టు ఇండియన్ ఎయిర్‌లైన్స్. ఉమ్మడి చిత్తూరు జిల్లా ఎర్రావారిపాలెం మండలంలోని ఒక పల్లె నుంచి వచ్చిన గోల్‌కీపర్ రజని ఎతిమరపు 2016లో రియో ఒలింపిక్స్‌కు వెళ్లింది. భారత మహిళల హాకీ జట్టు ఒలింపిక్స్‌లో అడుగుపెట్టడం 36 ఏళ్ల తర్వాత అదే మొదలు. జాతీయ పోటీల్లో ఆమె కూడా రైల్వేస్ జట్టుకు ఆడింది.

ఉద్యోగమంటే నిజానికి అన్నిటికన్నా పొడవైన కాంట్రాక్టు. మోకాలు విరిగినా నెల జీతం ఆగదు. ఆట ముగిశాక ఇరవై అయిదేళ్లు కుర్చీ ఉంటుంది, పీఎఫ్ ఉంటుంది, ఇంటిల్లిపాదికీ వైద్యం ఉంటుంది. బదులుగా ఆటగాడు తన ధరను వదులుకుంటాడు. ఎన్ని గోల్స్ కొట్టినా జీతం గ్రేడును బట్టే వస్తుంది. పైగా ఆ కుర్చీలు కొద్ది. శాశ్వతమనుకున్న యజమానులూ నిలవలేదు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్ ఇండియాలో కలిసింది, 2022 జనవరిలో ఎయిర్ ఇండియా టాటాల చేతికి వెళ్లింది.

ఒప్పందం ఎన్నాళ్లన్న ఇదే ప్రశ్నతో గట్టిగా పెనుగులాడింది ఉత్తర అమెరికా ఐస్ హాకీ. అక్కడి నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్)లో ఒకప్పుడు క్లబ్బుకు ఒకసారి సంతకం చేస్తే, గడువు తీరినా ఆటగాడి మీద హక్కు ఆ క్లబ్బుదే. 1972లో పోటీ లీగ్ బరిలోకి దిగి, కోర్టు ఆ నిబంధన అమలును ఆపాకే పట్టు సడలింది. 1979 జనవరి 26న, తన పద్దెనిమిదో పుట్టినరోజున, వేన్ గ్రెట్జ్కీ అనే ఆటగాడు ఎడ్మంటన్ క్లబ్బు యజమానితో ఏకంగా 21 ఏళ్ల ఒప్పందం మీద సంతకం చేశాడు. మధ్యలో దాన్ని తిరగరాశారు. 1988 ఆగస్టులో ఆ యజమానే అతన్ని లాస్ ఏంజిలిస్‌కు ఇచ్చేశాడు. పొడవాటి కాగితం కుర్రవాణ్ని కట్టేసినంత గట్టిగా యజమానిని కట్టేయదని ఆ రోజు లోకం చూసింది.

నష్టం రెండో వైపునా పడింది. 2006లో న్యూయార్క్ ఐలాండర్స్ తమ యువ గోల్‌కీపర్ రిక్ డిపియెట్రోకు 15 ఏళ్లకు 6.75 కోట్ల డాలర్లు రాసిచ్చింది. గాయాలు వరసకట్టాయి. 2013లో అతన్ని వదులుకున్న క్లబ్బు 2029 దాకా ఏటా 15 లక్షల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. ఆ ఏడాదే లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి సొంత ఆటగాడికి ఎనిమిదేళ్లు, బయటివాడికి ఏడేళ్లు మించకూడదని హద్దు గీశాయి. 2025లో కుదిరిన కొత్త ఒడంబడిక దాన్ని ఇంకో ఏడాది చొప్పున తగ్గించింది. 18 నుంచి 21 ఏళ్ల వయసున్న కొత్తవారికి తొలి ఒప్పందం మూడేళ్లు. ఆ మూడేళ్లూ క్లబ్బు నేర్పుతుంది, కుర్రవాడు నిరూపించుకుంటాడు. తర్వాత మళ్లీ బేరానికి కూర్చుంటారు. యాభై ఏళ్ల దెబ్బల తర్వాత వాళ్లు చేరిన చోటు అది.

మన దగ్గర లీగుల కాలం 2005లో హైదరాబాద్‌లో, గచ్చిబౌలి మైదానంలో మొదలైంది. ప్రీమియర్ హాకీ లీగ్ తొలి విజేత హైదరాబాద్ సుల్తాన్స్. 2008తో ఆ లీగ్ ముగిసింది, సుల్తాన్స్ పేరు జ్ఞాపకంగా మిగిలింది. 2012లో వరల్డ్ సిరీస్ హాకీ ఒక్క సీజన్ నడిచింది. డబ్బు చేతికి రాలేదని ఆటగాళ్లు వాపోయారు. ఆ డిసెంబరులో హాకీ ఇండియా లీగ్ తొలి వేలంలో సర్దార్ సింగ్ 78 వేల డాలర్లు పలికాడు. 2013లో మొదటి కప్పు గెలిచిన రాంచీ రైనోస్ రెండు సీజన్లకే తప్పుకుంది. 2017 తర్వాత లీగే ఆగిపోయింది. ఏడేళ్ల విరామం తర్వాత 2024 అక్టోబరు వేలంలో హర్మన్‌ప్రీత్ సింగ్ 78 లక్షల రూపాయలు పలికితే, కనీస ధరల మెట్లలో అన్నిటికన్నా కిందిది రెండు లక్షలు. హైదరాబాద్ తూఫాన్స్ ఫైనల్ దాకా వెళ్లి బెంగాల్ టైగర్స్ చేతిలో 4–3తో ఓడింది. ఆడపిల్లలకు ఈ లీగ్ తలుపు తెరుచుకున్నది 2025 జనవరిలోనే. ఆ సీజన్ ముగిసిన కొద్ది నెలలకే యూపీ రుద్రాస్ యజమానులు వైదొలిగారు.

ఈ తారీఖులన్నీ వరుసన పెట్టి చూస్తే ఒకటి తేటతెల్లమవుతుంది. ఇక్కడ కాంట్రాక్టు పొట్టిగా ఉండటానికి కుర్రవాడి మీద అపనమ్మకం చిన్న కారణం. జట్టూ లీగూ రేపు ఉంటాయో లేదో తెలియకపోవడమే పెద్ద కారణం. ఒక్కో జట్టు కనీసం నలుగురు జూనియర్లను తీసుకోవాలన్న నియమం మంచిదే. కానీ వాళ్లను అయిదేళ్లు పెంచాలన్న కట్టుబాటు ఎవరి మీదా లేదు. ఏడాది గుత్తకు ఎరువు తోలనట్టే, ఒక్క సీజన్ కుర్రవాడి మీద ఎవరూ శిక్షణ ఖర్చు పెట్టరు.

లీగ్ నిలకడగా ఉన్నచోట ఏమవుతుందో క్రికెట్ చూపించింది. 2022 ఐపీఎల్ వేలంలో 19 ఏళ్ల హైదరాబాదీ తిలక్ వర్మను ముంబయి 1.70 కోట్లకు తీసుకుంది. 2023లో అతను భారత జట్టుకు ఆడినా, మూడేళ్ల వేలం చక్రం తిరిగేదాకా ఆ ధరే నడిచింది. 2025కు ముంబయి అతన్ని 8 కోట్లకు అట్టిపెట్టుకుంది. మధ్యలో కొంత నష్టపోయాడనవచ్చు. కానీ ఆ మూడేళ్లు ఒకే జట్టులో, ఒకే గూటిలో కుదురుగా ఎదిగాడు. ఆ కుదురు విలువ కూడా ధరలో భాగమే.

నా మట్టుకు నాకు మూడేళ్లే సరైన కొలత అనిపిస్తుంది. అంతకు తక్కువైతే నేర్పేవాడుండడు, మరీ ఎక్కువైతే కుర్రవాడు తన విలువ తెలియకముందే దాన్ని అమ్ముకుంటాడు. దానికి తోడు గాయపడితే వైద్యం, సగం జీతమైనా ఆగకుండా వచ్చే పూచీ ఉండాలి. జట్టు మూతపడితే బకాయిలు లీగే చెల్లించాలి. చదువు మధ్యలో తెగకూడదు. మన పాత ఉద్యోగ పద్ధతి ఇచ్చిన భద్రతను వదిలేసి వేలం పాటను మాత్రమే తెచ్చుకుంటే, మెరిసిన పదిమంది బతుకుతారు, మిగతా వందమంది ఇరవై అయిదేళ్లకే ఇంటికి చేరతారు.

నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గం 2016లో పూర్తయింది. సంజామల పిల్లవాడు ఇప్పుడు తన ఊళ్లోనే రైలెక్కి శిక్షణకు పోవచ్చు. ఏదో ఒక రోజు అతని ముందుకూ కాగితం వస్తుంది. అప్పుడు పక్కన కూర్చున్న తండ్రి అందులోని అంకెను చూసి మురిసిపోయే ముందు, చేను గుత్తకిచ్చేటప్పుడు అడిగినవే అడగాలి. ఎన్నేళ్లకు? పంట పోతే నష్టం ఎవరిది? ఈ మూడేళ్లూ ఎరువు తోలేదెవరు? మూడింటికీ జవాబు రాతలో దొరికాకే పిల్లవాడి చేతికి కలమివ్వాలి.