కుళ్లని పడవలో కుళ్లిన కొయ్య

కొయ్యకూ నీటికీ గల వైరము పడవంత పాతది. కొయ్య నీటిని పీల్చి ఉబ్బుతుంది. ఎండితే ముడుచుకొని పగులుతుంది. చాలాకాలము తడిగానే ఉంటే కుళ్లుతుంది. ఆంధ్ర తీరపు జాలరులు వేటనుంచి తిరిగి రాగానే తెప్ప కట్లు విప్పి దుంగలను ఎండలో ఆరబెట్టేవారు. తడిసి బరువెక్కిన దుంగ సరిగా తేలదని వారికి అనుభవము నేర్పినది. పడమటి దేశాల వడ్రంగులు పలకల సందులలో నార కూరి, తారు పోసి, ఏటేటా పడవను బాగుచేసుకునేవారు. అందువల్ల కుళ్లనిదీ, తుప్పు పట్టనిదీ, పురుగు తొలవనిదీ అయిన పదార్థము దొరికినదనే వార్త 20వ శతాబ్ది మధ్యలో వెలువడినప్పుడు పడవలవారు ఎంతో సంతోషించారు. ఆ పదార్థమే గాజునార. దానిపై పెట్టుకున్న ఆశ చాలవరకు నిజమైనది. ఒక్కచోట మాత్రము తప్పినది. ఆ తప్పిన చోటు ఏదో, దానిని సరిదిద్దే విధమేదో తెలుసుకోవడము పదార్థ విజ్ఞానములో ఒక మంచి పాఠము.

గాజు నారగా మారిన విధము

గాజు పెళుసైనది కదా, దానితో పడవ కట్టడమెట్లా? ఈ ప్రశ్నకు సమాధానము 1921లో ఇంగ్లండులో ఎ. ఎ. గ్రిఫిత్ ప్రకటించిన పరిశోధనలో ఉన్నది. గాజు పగలడానికి కారణము దాని ఉపరితలముపై ఉండే కంటికి కనిపించని బీటలు. లాగినప్పుడు బలమంతా బీట కొసవద్ద కేంద్రీకరించి, బీట ముందుకు పాకుతుంది. గాజును సన్నని పోగుగా తీస్తే అంతంత పెద్ద బీటలకు అందులో చోటు ఉండదు. కనుకనే పోగు ఎంత సన్ననిదైతే అంత గట్టిదని గ్రిఫిత్ ప్రయోగాలలో తేలినది.

అయితే పోగులను చౌకగా, విస్తారముగా తీయడమెట్లా? 1932లో అమెరికాలోని ఓహాయో రాష్ట్రములో డేల్ క్లైస్ట్ అనే యువకుడు గాజు దిమ్మెలను ఒకదానితో ఒకటి అతికే ప్రయత్నములో ఉన్నాడు. వేగముగా వచ్చిన గాలి కరిగిన గాజు ధారకు తగిలి, ఆ ధార సన్నని పోగులుగా చెదిరినది. కావలసినది కాకపోయినా వచ్చినది విలువైనదని ఆ ప్రయోగశాలవారు గుర్తించారు. గేమ్స్ స్లేటర్ పర్యవేక్షణలో పని ముందుకు సాగినది. 1938లో ఓవెన్స్-కార్నింగ్ ఫైబర్‌గ్లాస్ కంపెనీ ఏర్పడినది.

పోగులను కలిపి పట్టి ఉంచడానికి జిగురు కావాలి. 1930లలో కార్ల్‌టన్ ఎల్లిస్ కృషివల్ల రూపొందిన పాలియెస్టర్ రెజిన్ ఆ కొరత తీర్చినది. ఇది పాకము వంటి ద్రవము. తగిన రసాయనాన్ని కొద్దిగా కలిపితే మామూలు వేడిమిలోనే గట్టిపడుతుంది. గాజు గుడ్డను అచ్చుపై పరచి, ఈ రెజిన్‌తో తడిపి, దానిపై మరొక పొర, ఆపై మరొకటి వేస్తూ పోతే, ఆరిన తరువాత అతుకులేని ఒకే పెంకు తయారవుతుంది. ఓహాయోలోని టొలీడో నగరములో రే గ్రీన్ 1942లో ఈ విధముగా ఒక చిన్న పడవను తయారుచేశాడు. 1959 న్యూయార్కు పడవల ప్రదర్శనలో పియర్సన్ దాయాదులు ట్రైటన్ అనే 28 అడుగుల తెరచాప పడవను ప్రవేశపెట్టారు. అటువంటివి 700కు పైగా తయారైనవి. తెరచాప పడవ ధనికుల ఇండ్లనుంచి మధ్యతరగతి కుటుంబాలకు చేరినది.

గాజునార నమ్మకాన్ని వమ్ము చేయలేదు. అమెరికా తీర రక్షక దళము 1950లలో గాజునారతో చేసిన గస్తీ పడవలను వాడినది. 20 సంవత్సరాల సేవ తరువాత ఒకదానినుంచి ముక్కలు కోసి పరీక్షిస్తే, వాటి బలము పెద్దగా తగ్గలేదు. మరి చిక్కు ఎక్కడ వచ్చినది?

నడుమ కొయ్య ఎందుకు?

గాజునార బలమైనదే కాని ఉక్కువలె బిగువైనది కాదు. పలుచని పలకపై మనిషి నిలిస్తే అది వంగి ఊగుతుంది. పలకను మందముగా చేస్తే వంగదు, కాని బరువు, ఖర్చు పెరుగుతవి. డెక్కు బరువెక్కితే పడవ తలబరువై ఒరుగుతుంది.

దీనికి ఇంజనీర్ల వద్ద ఉపాయమున్నది. పలక వంగేటప్పుడు పై భాగము నొక్కుకుంటుంది, అడుగు భాగము సాగుతుంది, నడిమి భాగానికి పని తక్కువ. కాబట్టి పలకను రెండు పలుచని పొరలుగా చీల్చి, నడుమ తేలికైన పదార్థాన్ని ఉంచి అతికితే చాలును. వంగకుండా నిలిచే గుణము మందము యొక్క ఘనాన్ని అనుసరించి ఉంటుంది. ఒక పలక మందము 1 అనుకుందాము, దాని బిగువు 1. దానిని సగము సగము పొరలుగా చేసి నడుమ 1 మందముగల తేలిక పదార్థము ఉంచితే మొత్తము మందము 2 అవుతుంది. 2 ఘనము 8. అందులోనుంచి నడిమి భాగపు ఘనము 1 తీసివేయగా 7 మిగులుతుంది. గాజునార ఏమీ పెరగకుండానే బిగువు 7 రెట్లయినది! నడుమ 3 మందము ఉంచితే 64లోనుంచి 27 పోగా 37 రెట్లు.

ఆ తేలిక పదార్థముగా దొరికినది ఈక్వడారు దేశములో పెరిగే బాల్సా కొయ్య. రెండవ ప్రపంచ యుద్ధములో పేరుపొందిన మస్కిటో విమానములో పలుచని బర్చి పలకల నడుమ బాల్సాను ఉంచి అతికారు. ట్రైటన్ పడవ డెక్కులోనూ బాల్సా ఉన్నది. 1977లో వచ్చిన జె/24 పడవలో డెక్కుకే కాక నీటిలో ఉండే దేహానికి కూడా బాల్సానే వాడారు. కొయ్యను వదిలించుకోవాలని బయలుదేరిన పడవలోకి కొయ్య ఈ విధముగా మళ్లీ ప్రవేశించినది.

చెమ్మ చొరబడిన దారి

రెండు గాజునార పొరల నడుమ బంధించిన కొయ్యకు నీరు తగలదని అందరూ అనుకున్నారు. కాని డెక్కు అంటే ఉత్త పలక కాదు. దానిపై కమ్మీలు, తాళ్లు కట్టే కొక్కేలు, కప్పీలు బిగించాలి. బిగించడానికి రంధ్రాలు వేసి, బోల్టులు దూర్చి, చుట్టూ లప్పము వంటి పూత పూస్తారు. ఏళ్లు గడచేసరికి ఆ పూత ఎండి చీలుతుంది. మనిషి కమ్మీ పట్టుకొని లాగిన ప్రతిసారీ బోల్టు కదిలి సందు పెరుగుతుంది. ఒక్కొక్క చుక్కగా నీరు కొయ్యను చేరుతుంది.

తెప్ప దుంగను విప్పి ఎండలో ఆరబెట్టవచ్చును. ఈ కొయ్యకు ఎండ తగలదు. నీటిని బయట ఉంచవలసిన గాజునార పొరలే లోపలి నీటిని బయటికి పోనీయవు. తేమ కొయ్య బరువులో సుమారు 30 శాతాన్ని మించితే బూజుజాతి జీవులు పెరిగి కొయ్యను నల్లని ముద్దగా మారుస్తవి. చలిదేశాలలో ఆ నీరు గడ్డకట్టి సుమారు 9 శాతము వ్యాకోచించి పొరలను విడదీస్తుంది.

విడిపోతే నష్టమెంత? పై లెక్కనే చూడవచ్చును. అతుకు ఊడిన సగము మందపు పొరలు దేనికది వంగుతవి. సగము యొక్క ఘనము ఎనిమిదో వంతు. రెండు పొరలకూ కలిపి పావు వంతు. అంటే 7గా ఉన్న బిగువు పావుకు, 28వ వంతుకు పడిపోతుంది. గాజు చెడలేదు, రెజిన్ చెడలేదు. అయినా డెక్కు కాలికింద మెత్తగా దిగుతుంది.

తరగతిలో ఉపాధ్యాయులు దీనిని సులభముగా చూపవచ్చును. రెండు అట్టముక్కల నడుమ థర్మోకోల్ పలక ఉంచి ఒక జతను జిగురుతో అతికి, మరొక జతను అతకకుండా వదిలి, రెండింటినీ పుస్తకాల నడుమ వంతెనగా పెట్టి బరువులు వేస్తే తేడా కంటికి కనిపిస్తుంది.

మరమ్మతు విధానము

మొదటి పని రోగ నిర్ధారణ. చిన్న సుత్తితోగాని నాణెముతోగాని డెక్కుపై తట్టుతూ పోతారు. మంచిచోట ఖణీమని మోగుతుంది, చెడినచోట బొద్దుగా పలుకుతుంది. కుమ్మరి కుండను తట్టి చూడడము వంటిదే ఇది. అనుమానమున్నచోట లోపలి వైపునుంచి సన్నని రంధ్రము వేసి, వచ్చిన పొట్టును చూస్తారు. తెల్లగా పొడిగా ఉంటే మంచి కొయ్య, నల్లగా తడిగా ఉంటే చెడినది.

పగుళ్లను కూడా రెండు రకాలుగా గుర్తించాలి. పడవపైన ఉండే రంగుపూత సుమారు అర మిల్లీమీటరు మందము గలది, అందులో గాజునార లేదు. అందుకే అది పెళుసు. కమ్మీ మొదట్లో సాలెగూడువలె వ్యాపించే వెంట్రుక పగుళ్లు తరచు ఈ పూతకే పరిమితము. వాటిని గీరి పూడ్చితే చాలును, కాని కమ్మీకింద ఆధారము చాలకపోవడము వంటి కారణాన్ని తొలగించనిదే అవి మళ్లీ వస్తవి. పగులు గాజునార పొరలలోకి దిగితే అది దేహానికి తగిలిన దెబ్బ. దానిపై లప్పము పెట్టి రంగు వేయడము పుండుపై పట్టీ వేసి దాచినట్లే.

అటువంటి పగులును పూర్తిగా అరగదీసి, అంచులను మెల్లని వాలుగా చేస్తారు. మందానికి 12 రెట్లు వాలు ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమము. దేహము 6 మిల్లీమీటర్లయితే ప్రక్కకు 72 మిల్లీమీటర్లు. పాత పోగులు తెగినవి, వాటి చివరలను మళ్లీ ముడివేయలేము. కొత్త పోగులకు బలాన్ని అందజేసేది నడుమనున్న జిగురే. అతుకు వైశాల్యము ఎంత ఎక్కువైతే జిగురుపై భారము అంత పలచబడుతుంది. ఆ పళ్లెములో చిన్నదానినుంచి పెద్దదానివరకో, పెద్దదానినుంచి చిన్నదానివరకో గాజుగుడ్డ ముక్కలను వరుసగా పరచి రెజిన్‌తో తడుపుతారు.

ఇక్కడ ఎపాక్సీ రెజిన్ ఉపయోగపడుతుంది. స్విట్జర్లండులో పియర్ కాస్టాన్, అమెరికాలో సిల్వన్ గ్రీన్‌లీ 1930ల చివర, 1940లలో దీనిని రూపొందించారు. ఆరిపోయిన పాత పెంకుకు పాలియెస్టర్ కంటె ఇది గట్టిగా అంటుతుంది. మిషిగన్ రాష్ట్రపు బే సిటీలో గూజన్ సోదరులు 1969లో స్థాపించిన సంస్థ దీనిని పడవల పనివారి చేతికి అందించినది.

తడిసిన కొయ్యను బాగుచేయాలంటే పై పొరను కోసి తెరవక తప్పదు. చిన్న రంధ్రాలు వేసి జిగురు పంపితే సరిపోతుందని ఆశించేవారున్నారు. కాని నీరు నిండిన కొయ్యలో జిగురుకు చోటేది? రంపపు లోతును పొర మందానికి సరిపెట్టి కోసి, కుళ్లినదంతా గీరివేసి, చుట్టూ పొడి కొయ్య కనిపించేవరకు సాగి, బాగా ఆరనిచ్చి, కొత్త బాల్సానో నురుగు పలకనో ఎపాక్సీలో కూర్చి, పై పొరను వాలు అతుకుతో మూస్తారు. గాజు ధూళి, రెజిన్ ఆవిరి హానికరము కనుక ముక్కుకు ముసుగు, చేతులకు తొడుగులు తప్పనిసరి.

చివరి పని అన్నిటికంటె చిన్నది, అన్నిటికంటె ముఖ్యమైనది. బోల్టు రంధ్రాన్ని కావలసినదానికంటె పెద్దదిగా తొలిచి, దానిని చిక్కని ఎపాక్సీతో నింపి, ఆరిన తరువాత దాని నడుమ అసలు రంధ్రము వేస్తారు. ఇక లప్పము చెడినా నీరు ఎపాక్సీ గొట్టములోనే ఆగుతుంది, కొయ్యను చేరదు. పడవ కట్టిన రోజుననే ఈ కొద్దిపాటి శ్రమ తీసుకొని ఉంటే ఎన్నో డెక్కులు కుళ్లకుండేవి.

పాత పడవను పారవేయడము కూడా సులభము కాదు. కుళ్లకపోవడమనే గుణమే అప్పుడు శాపమవుతుంది. కొయ్య మట్టిలో కలుస్తుంది, ఇనుము కరిగించి వాడుకోవచ్చును, గాజునార పెంకు మాత్రము ఒడ్డున అట్లే పడి ఉంటుంది. ఆంధ్ర తీరములో కూడా తెప్పల స్థానములో ఫైబరు పడవలు విరివిగా వచ్చిన ఈ కాలములో బాగుచేసుకొనే విద్య తెలిసి ఉండడము లాభకరము. పదార్థము ఎంత శాశ్వతమైనదైనా దానితో చేసిన వస్తువు ఆయుర్దాయాన్ని నిర్ణయించేవి అతుకులూ రంధ్రాలే.