జీను, తంగ్, వారు

సెరంగూన్ రోడ్డులో పండుగ సామాను కొనుక్కుని ఒక వీధి దాటితే రేస్‌కోర్సు రోడ్డు వస్తుంది. ఆ పేరెందుకని మన పిల్లలు అడుగుతూ ఉంటారు. 1842లో ఏర్పడిన సింగపూర్ స్పోర్టింగ్ క్లబ్బు ఇక్కడి ఫేరర్ పార్కులోనే గుర్రప్పందేలు నడిపింది. 1911 మార్చి 16న సింగపూరులో తొలి విమానం ఎగిరింది కూడా ఆ మైదానం నుంచే. పందేలు 1933లో బుకిట్ తిమాకు, 1999లో క్రాంజీకి తరలి, 2024 అక్టోబరు 5తో ముగిసిపోయాయి. గుర్రాలు పోయినా వీధి పేరు నిలిచింది. మన భాషలోనూ అంతే, గుర్రాలతో వచ్చిన మాటలు నిలిచాయి.

"జీను" పారసీ మాట. అక్కడ "జ్" కొంచెం ఒరుసుకుంటూ పలుకుతుంది. మన నోట మెత్తబడింది. జీను జారకుండా గుర్రం పొట్ట కింద బిగించే పట్టీని ఉర్దూలో "తంగ్" అంటారు. ఇదీ పారసీదే. ఇరుకు, బిగువు అని దీని అర్థం. హైదరాబాదు వైపు ఎవరైనా "తంగ్ చేస్తున్నాడు" అని విసుక్కుంటే, ఊపిరాడకుండా బిగిస్తున్నాడనే కదా!

పారసీ మాటలే ఎందుకు? మేలుజాతి గుర్రాలు ఆ తీరం నుంచే దిగేవి. విజయనగర రాజు ఏటా పదమూడు వేల హోర్ముజ్ గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. తరువాత గోలకొండ కుతుబ్‌షాహీల కొలువులోనూ పారసీకి పెద్దపీట. సరుకు వెంట పేరూ వస్తుంది. మలయ్ భాషలో జీనును "పెలానా" అంటారు, అదీ పారసీ నుంచి వచ్చిందే. గుర్రాల కాపరిని పిలిచే "సైస్" అరబ్బీ మాట. ఈ దేశంలో మోటారు కార్లు వచ్చాక డ్రైవరుకూ అదే పేరు పెట్టారు.

అయితే తోలుపట్టీకి మనకు సొంత మాట లేకపోలేదు. అది "వారు". "వారు వచ్చారు" అన్నప్పటి వారు వేరు, "చెప్పు వారు తెగింది" అన్నప్పటి వారు వేరు. తమిళులు "వార్" అంటారు, కన్నడిగులు "బారు" అంటారు. సెరంగూన్‌లో చెప్పులు కుట్టే తమిళ పెద్దాయనతో "వారు" అని చూడండి, అనువాదం అక్కరలేదు.

నాకు ముచ్చట గొలిపేది ఇదే. జీను, తంగ్ సముద్రం దాటి మన దగ్గరకు వచ్చాయి. వారు మనతో సముద్రం దాటి ఇక్కడికి వచ్చింది. మన ఇళ్లలో పిల్లలు దాన్ని "స్ట్రాప్" అనేస్తున్నారు. గుర్రాలు లేకపోయినా చెప్పులున్నాయి, బడిసంచులున్నాయి. ఈ పండుగ నుంచి వాటి పట్టీలను "వారు" అనే పిలుద్దాం. నోట ఆడినంత కాలమే మాటకు ఆయుష్షు.