అధికముగా గైకొన్న ధనము ఎవరికి చెందవలెను?

ఒక వస్తువును తయారుచేయు వారందరును రహస్యముగా కూడబలుకుకొని దాని వెలను పెంచినారనుకొందము. పెరిగిన వెలను మొదట చెల్లించువాడు టోకు వర్తకుడు. అతడు దానిని చిల్లర వర్తకునిపై మోపును; చిల్లర వర్తకుడు మనపై మోపును. మనమెవరిపై మోపగలము? కొన్నాళ్లకు కుట్ర బయటపడి, అన్యాయముగా గైకొన్న ధనమును తిరిగి చెల్లింపుడని న్యాయస్థానము ఆజ్ఞాపించినచో, ఆ ధనము ఎవరి చేతికి పోవలెను? మొదట చెల్లించినవానికా, తుదకు భరించినవానికా? అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ ప్రశ్న కేంద్ర శాసనమునకును రాష్ట్ర శాసనములకును నడుమ పెద్ద వివాదమైనది. ఆ వివాద చరిత్రమును నేడు మీకు మనవి చేయదలచితిని.

దీని మూలము ఇంగ్లండులో కలదు. అక్రమమైన గుత్తాధికారముచే నష్టపడినవాడు తన నష్టమునకు మూడు రెట్లు రాబట్టుకొనవచ్చునని 1624వ సంవత్సరపు శాసనము విధించెను. ఆ సూత్రమే సముద్రము దాటి, 1890లో సెనేటరు జాన్ షెర్మన్ పేర వెలసిన అమెరికా కేంద్ర శాసనమున చేరినది. గైకొన్నంత మాత్రమే తిరిగి ఇప్పించినచో, పట్టుబడిన వర్తకునకు పోవునదేమియు లేదు. పట్టుబడనిచో అంతయు లాభమే. కావున దావా వేయువానికి ధైర్యమును, కుట్ర చేయువానికి భయమును కలిగించుటకై ఈ మూడు రెట్లు ఏర్పడినవి. అయితే కేంద్రము మేలుకొనుటకు ముందే, 1889లో కాన్సస్ మొదలైన రాష్ట్రములు గుత్త సంఘములను అణచుటకు సొంత శాసనములను చేసికొనియుండెను. ఈ సంగతిని శ్రోతలు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను. ఏలయనగా, నూరేండ్ల పిమ్మట వివాదము దీనిమీదనే తేలినది.

1968లో హానోవర్ షూ కంపెనీ, యునైటెడ్ షూ మెషినరీ కంపెనీపై వేసిన దావా సుప్రీముకోర్టునకు వచ్చెను. యంత్రముల కంపెనీ తన ముఖ్య యంత్రములను అద్దెకే గాని అమ్మకమునకు ఇచ్చెడిది కాదు. దానివలన పాదరక్షలు చేయువారికి వ్యయము పెరిగెను. ప్రతివాదుల సమాధానము చమత్కారముగా నుండెను: మీరు ఆ వ్యయమును జోళ్లు కొన్నవారిపై మోపితిరి గదా, ఇక మీకు నష్టమెక్కడిది? న్యాయస్థానము ఈ వాదమును త్రోసివేసెను. ఒక జత జోళ్లు కొన్నవానికి రావలసినది అత్యల్పము. దానికై అతడు కోర్టు మెట్లెక్కడు. అట్టిచో తప్పు చేసినవానియొద్దనే ధనము మిగిలిపోవును. ఈ తీర్పును వ్రాసినవారు జస్టిస్ బైరన్ వైట్.

ఇంతవరకు బాగున్నది. కాని దీనికి రెండవ ముఖమొకటి కలదు. చికాగో ప్రాంతమున కాంక్రీటు దిమ్మలు చేయువారు వెలలను కూడబలుకుకొనిరని ఇల్లినాయి రాష్ట్రమును, 700 స్థానిక సంస్థలును దావా వేసెను. దిమ్మలను కొన్నవారు తాపీపని కంట్రాక్టరులు. వారి పనిని తీసికొన్నవారు పెద్ద కంట్రాక్టరులు. కట్టడములకు సొమ్ము చెల్లించినది ప్రభుత్వము. తమపై పడిన అధిక భారము 30 లక్షల డాలర్లకు పైబడినదని వాది పక్షము చెప్పెను. 1977లో సుప్రీముకోర్టు, నేరుగా కొన్నవానికే తప్ప ఇతరులకు కేంద్ర శాసనము క్రింద నష్టపరిహారము లేదని తీర్పు చెప్పెను. ఎవరి చేతులమీదుగా ఎంత భారము దిగివచ్చినదో లెక్క తేల్చుట కష్టమనియు, ఒకే నష్టమునకు ఇద్దరికి చెల్లింపవలసి రావచ్చుననియు కారణములు. ఇదియు జస్టిస్ వైట్ వ్రాసినదే. జస్టిస్ బ్రెన్నన్ మొదలైన ముగ్గురు విభేదించిరి. విచారింపదగిన విషయమేమనగా, పౌరుల పక్షమున రాష్ట్ర అటార్నీ జనరల్ దావా వేయవచ్చునని కాంగ్రెసు శాసించి అప్పటికి ఒక్క యేడే యైనది. తెరచిన తలుపు సగము మూతపడెను.

రాష్ట్రములు ఊరకుండలేదు. కాలిఫోర్నియా 1978లోనే తన శాసనమును సవరించి, నేరుగా కొన్నను పరోక్షముగా కొన్నను నష్టపడినవాడు దావా వేయవచ్చునని స్పష్టపరచెను. క్రమముగా అనేక రాష్ట్రములు ఈ మార్గమును త్రొక్కినవి. ఇట్టి హక్కు చెల్లునా అను ప్రశ్న సిమెంటు వ్యాజ్యమున తేలెను. అందు ప్రతివాదులలో పలువురు రాజీపడగా 3 కోట్ల 20 లక్షల డాలర్లకు మించిన నిధి ఏర్పడెను. అలబామా, అరిజోనా, కాలిఫోర్నియా, మిన్నెసోటా రాష్ట్రములు తమ శాసనముల బలమున అందులో భాగమడిగెను. క్రింది కోర్టులు కాదనినవి. 1989లో సుప్రీముకోర్టు ఔననెను: 1977 నాటి తీర్పు కేంద్ర శాసనమునకు చెప్పిన అర్థమే గాని, అంతకు పూర్వమునుండియు ఈ రంగమున నిలచిన రాష్ట్రముల నోరు నొక్కుట కాదు. ఈ మూడవ తీర్పును వ్రాసినవారును జస్టిస్ వైటే.

హక్కు లభించుట వేరు, ధనము చేతికి వచ్చుట వేరు. ఇట్టి దావాలలో పెక్కు రాజీతోనే ముగియును. రాజీలో న్యాయమును నిలుపుటకు మసాచుసెట్స్ ఒక ఉపాయము పన్నినది. ఆ రాష్ట్రపు వినియోగదారుల రక్షణ శాసనము 1967లో పుట్టినది. 1969లో సామాన్యుల దావాలకును వర్తించినది. దాని ప్రకారము నష్టపడినవాడు ముందుగా వర్తకునకు లేఖ వ్రాయవలెను. వర్తకుడు 30 దినములలో తగిన రాజీని వ్రాతమూలముగా చూపెనా, కొనుగోలుదారు దానిని తిరస్కరించినను అంతకు మించి రాబట్టలేడు. తప్పు తెలిసియు దుర్బుద్ధితో నిరాకరించినచో రెండు మూడు రెట్లు చెల్లింపవలసి యుండును.

రాజీ కుదిరినను పంచుట కష్టమే. లాస్ ఏంజెలిస్ నగరమున ఒక టాక్సీ కంపెనీ అనుమతింపబడిన చార్జీకంటె ఎక్కువ వసూలు చేసినదని, ప్రయాణికులందరి పక్షమున ఒకరు వేసిన దావాను 1967లో కాలిఫోర్నియా సుప్రీముకోర్టు అంగీకరించెను. రసీదు దాచుకొన్న ప్రయాణికుడెవడు? తుదకు రాజీలో ముందు ప్రయాణముల చార్జీలను తగ్గించుటకు ఒప్పుకొనిరి. నాడు నష్టపడిన వాడొకడు, నేడు లాభపడినవాడు వేరొకడు కావచ్చును. ఇది సంపూర్ణ న్యాయము కాదు. కాని ఆ ధనము కంపెనీ పెట్టెలో మిగులుటకంటె ఇది మేలు కాదా?

కేంద్ర సూత్రము నేటికిని మారలేదు. రాష్ట్రములన్నియు ఒకే త్రోవన నడచుటలేదు. లెక్క సులభముగా నుండవలెనన్న కోరిక న్యాయస్థానమునకు తగినదే. అయినను లెక్క కష్టమన్న కారణమున భారము మోసినవానిని వెలుపల నిలిపినచో, ఆ సౌకర్యపు వెలను కూడ వాడే చెల్లించుచున్నాడని నాకు తోచుచున్నది. పరోక్షముగా కొన్నవానిని లోనికి పిలిచిన రాష్ట్రములు ఆ కష్టమును తమ కోర్టులపై వేసికొన్నవి. అది ఉండవలసిన చోటు అదియే.