సొరుగులో మోగే హెడ్‌ఫోన్లు

ఖరీదైన హెడ్‌ఫోన్లు కొన్నవాళ్లలో కొందరు వాటిని వెంటనే చెవులకు పెట్టుకోరు. సొరుగులో పెట్టి, వంద గంటలో రెండు వందల గంటలో పాటల్నో, జోరువాన హోరులా ఉండే పింక్ నాయిస్‌నో మోగిస్తారు. దీన్నే బర్న్-ఇన్ అంటారు. బ్రేక్-ఇన్ అన్నా అదే. ఆ గడువు దాటితే బాస్ నిండుగా పలుకుతుందనీ, చెవిలో గుచ్చే కీచుదనం తగ్గుతుందనీ నమ్మకం.

బర్న్-ఇన్ అనే మాట ఎలక్ట్రానిక్స్ కర్మాగారాలది. లోపమున్న విడిభాగాలు ఎక్కువగా తొలి గంటల్లోనే పాడవుతాయి కాబట్టి, సరుకు గడప దాటకముందే కొంతకాలం కరెంటు పెట్టి నడిపి చూసేవారు. నాసిరకాన్ని ఏరేయడానికే తప్ప ధ్వని బాగుపడుతుందని కాదు.

వాడకంతో ధ్వని మారుతుందన్న ఆలోచన లౌడ్‌స్పీకర్లది. అక్కడ దానికి గట్టి ఆధారమే ఉంది. స్పీకర్ శంకువు వెనక మడతలు మడతలుగా ఒక గుండ్రటి గుడ్డ ఉంటుంది. దాని పేరు స్పైడర్. రెజిన్ పట్టించి దాన్ని బిరుసు చేస్తారు. కొన్ని గంటలు ఊగాక ఆ బిరుసు సడలి, స్పీకర్ సహజ పౌనఃపున్యం కొంత దిగుతుంది. గంజిపెట్టిన కొత్త పంచె రెండు ఉతుకులకు మెత్తబడినట్టన్నమాట.

హెడ్‌ఫోన్లలో సాధారణంగా ఆ గుడ్డే ఉండదు. వాటి పుట్టుకే వేరు. 1910లో యూటాలో నెథేనియల్ బాల్డ్విన్ తన వంటింట్లో తయారుచేసి అమెరికా నౌకాదళానికి అమ్మిన జత వైర్‌లెస్ సంకేతాలు వినడానికి; అందులో సంగీతపు నాణ్యత గొడవే లేదు. 1937లో జర్మనీలో బేయర్ కంపెనీ హెడ్‌ఫోన్ డీటీ 48 వచ్చింది. 1958లో మిల్వాకీలో జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోన్లతో సంగీతాన్ని చెవి దాకా తెచ్చాడు. తర్వాతి కాలంలో హెడ్‌ఫోన్లలో ధ్వని పుట్టించడానికి స్థిరపడింది పల్చటి ప్లాస్టిక్ పొర. దాని అంచున ఒత్తిన ముడతలే దానికి స్ప్రింగు. అది ఊగేదీ బహుకొద్ది దూరమే. సడలడానికి అక్కడ మిగిలేది తక్కువ.

అయినా స్పీకర్ల ఆచారం హెడ్‌ఫోన్లకూ పాకింది. 2005 నాటి ఏకేజీ కె701కు వందల గంటలు మోగిస్తేనే గొంతు పెగులుతుందన్న పేరు పడింది. దాని తోబుట్టువు క్యూ701ను 2011లో అమెరికన్ సమీక్షకుడు టిల్ హెర్ట్‌సెన్స్ గంటల తరబడి మోగిస్తూ కొలిచి చూశాడు. కనిపించిన తేడాలు చాలా చిన్నవి. హెడ్‌ఫోన్ తలమీద కాస్త పక్కకు జరిగినా కొలతలు అంతకు తక్కువ కాకుండా మారతాయి.

నిజమైన మార్పు ఎక్కువగా చెవుల చుట్టూ ఆనే మెత్తలది. 1997లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 600 కొత్తలో కణతల్ని పట్టకారులా నొక్కుతుంది. పట్టు సడలాలని రాత్రంతా పుస్తకాల దొంతరకు తొడిగి ఉంచేవారూ ఉన్నారు. నెలల వాడకంలో వెల్వెట్ మెత్త అణిగి, హెడ్‌ఫోన్‌లోని ప్లాస్టిక్ పొర చెవికి దగ్గరవుతుంది, దాంతో ధ్వని మారుతుంది. మూసి ఉండే రకాల్లోనైతే తోలు మెత్త ఒంటి వేడికి దవడ వంపులో ఒదిగి సందులు మూసేస్తుంది, బాస్ పెరుగుతుంది. కళ్లజోడు కాడ దగ్గర సందు మిగిలితే ఆ బాస్ మళ్లీ కారిపోతుంది. వీటికి తోడు, వారం రోజులు అదే ధ్వని వింటే చెవికీ అది అలవాటైపోతుంది.

సొరుగులో ఇవేవీ జరగవు. అక్కడ మెత్తను నొక్కే తల లేదు, వినే చెవీ లేదు. హెచ్‌డీ 600 వంటి వాటికి మెత్తలు విడిగా దొరుకుతాయి. ఏళ్ల తరబడి వాడిన జతకు కొత్తవి తొడిగితే తొలినాటి ధ్వని చాలావరకు తిరిగొస్తుంది.