కొండసైకిలు - పాత ప్రమాణములు

'పాత ఒక రోత, కొత్త ఒక వింత' అని మన పెద్దలు లోకము తీరును రెండు ముక్కలలో చెప్పినారు. చాలవరకు లోకము అట్లే నడచుచున్నది. అయినను ఒక్కొక్క వస్తువు విషయములో ఈ సామెత తలక్రిందులగుటయు కలదు. కొత్తది అంగడిలో కళకళలాడుచుండగా, కొనుటకు స్తోమతు ఉండియు, పాతదానినే కోరి, వెదకి, బాగుచేసికొని వాడువారు కొందరుందురు. వారిని చూచి నవ్వుట సులభము. వారట్లు చేయుటకు కారణమేమని విచారించుట కొంచెము కష్టము. మౌంటెన్ బైకు అని లోకమంతట పేరుపొందిన కొండసైకిలు చరిత్రలో అట్టివారు పలువురు కనబడుచున్నారు. వారి పట్టుదలలో న్యాయమెంత, మమకారమెంత అని ఈ ప్రసంగములో కొంత పరిశీలింతము. మేము ఏ పక్షమునకును వకాల్తా పుచ్చుకొని రాలేదు.

ఈ సైకిలు పుట్టుకయే ఒక విచిత్రము. అమెరికా దేశములో కాలిఫోర్నియా రాష్ట్రమున, శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరముగా, మరీన్ మండలములో తమాల్‌పాయిస్ అను కొండ కలదు. 1970 తరువాతి సంవత్సరములలో అచ్చటి యువకులు కొందరు కొండ మీది మట్టిబాటలలో సైకిళ్ళపై దిగుట వినోదముగా పెట్టుకొన్నారు. ఆనాడు అంగళ్ళలో దొరకు మేలైన కొత్త సైకిళ్ళు సన్నని టైర్లతో, పలుచని గొట్టములతో చదునైన రహదారి కొరకు చేసినవి. రాళ్ళ బాటలో అవి నిలువలేదు. అందుచేత ఆ యువకులు పాతసామానుల కొట్లను గాలించి, 1930, 1940 దశకముల నాటి ష్విన్ కంపెనీ సైకిళ్ళను బయటకు తీసినారు. బాలురు తొక్కుటకై చేసిన మోటు సైకిళ్ళవి. ఆ కంపెనీ 1933లో ప్రవేశపెట్టిన 26 అంగుళముల బెలూను టైర్లు వానికి ఉండెను. టైరు లావు రెండంగుళములకు పైమాట. బరువైనవే గాని, దెబ్బకు ఓర్చునవి.

1976 అక్టోబరు 21న ఆ ప్రాంతమున మొదటి పందెము జరిగినది. ఇంచుమించు రెండు మైళ్ళ బాటలో సుమారు 1300 అడుగుల దిగుడు. వెనుకకు త్రొక్కినచో పట్టు బ్రేకు వెనుక హబ్బులో ఉండెడిది. కొండ దిగునప్పటికి ఆ హబ్బు కాలి, లోపలి గ్రీజు పొగయై పోయెడిది. హబ్బును విప్పి మరల గ్రీజు కూరనిదే రెండవసారి దిగుటకు వీలుండెడిది కాదు. 'మరల కూరుట' అను అర్థము వచ్చునట్లు ఆ బాటకు 'రీప్యాక్' అని పేరు వచ్చినది.

కాబట్టి మనము మొదట గ్రహింపవలసిన విషయమొకటి ఉన్నది. పాతవస్తువును ప్రేమించుట అనునది ఈ సైకిలు చరిత్రలో కడపట వచ్చిన చాదస్తము కాదు. మొదటి అడుగే అది. కొత్తది పనికిరానిచోట పాతది పనికివచ్చినందుననే ఈ వాహనము పుట్టినది.

ఆ బృందములోని జో బ్రీజ్ 1977లో కొండబాట కొరకే ప్రత్యేకముగా ఒక ఫ్రేమును నిర్మించినాడు. అతని మొదటి సైకిలు నేడు వాషింగ్టను నగరములోని అమెరికా జాతీయ చరిత్ర ప్రదర్శనశాలకు చేరి ఉన్నది. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ అనువారు టామ్ రిచీ చేసిన ఫ్రేములతో 'మౌంటెన్ బైక్స్' అను పేర వ్యాపారము ప్రారంభించినారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ జపానులో తయారుచేయించిన 'స్టంప్‌జంపర్' అంగళ్ళకు వచ్చినది. వీరందరును 26 అంగుళముల చక్రమునే ఉంచినారు. ఆ కొలతను ఏ శాస్త్రజ్ఞుల సభయు నిర్ణయించలేదు. చేతికి దొరికిన లావు టైరు ఏదో అదే ప్రమాణమైనది.

1990 వచ్చునప్పటికి మిగిలిన కొలతలును చాలవరకు స్థిరపడినవి. టైరు కూర్చుండు రిమ్ము వ్యాసము 559 మిల్లీమీటర్లు. ముందు హబ్బు వెడల్పు 100, వెనుక హబ్బు వెడల్పు 135 మిల్లీమీటర్లు. పెడళ్ళ ఇరుసు ఇముడు గొట్టమునకు లోపల మరచుట్లు. ఒక దేశములో చేసిన చక్రము మరొక దేశములో చేసిన ఫ్రేములో చక్కగా అమరెడిది.

మన భాషలో 'ప్రమాణము' అను మాటకు రెండు అర్థములున్నవి. ఒకటి కొలత, మరొకటి ఒట్టు. ఈ రెండింటికిని సంబంధము లేకపోలేదు. ఒక కొలతను ప్రమాణముగా అంగీకరించుట అనగా, నేడు నీవు కొన్న వస్తువుకు రేపు ఒక భాగము అరిగిపోయినచో ఆ భాగము నీకు దొరకునని మాట ఇచ్చుటయే. మన పల్లెలలో 28 అంగుళముల నల్లసైకిలు తరతరములు నిలిచినదన్న దాని రహస్యమిదియే. టైరు, ట్యూబు, కాటరు పిన్ను, స్పోకు - ఏది పోయినను సంతలో దొరకెడిది. చెట్టుక్రింద కూర్చున్న సైకిలు మేస్త్రీ సుత్తెతోను, పానాతోను దానిని నడిపించి పంపెడివాడు. తండ్రి తొక్కినదానిని కొడుకు తొక్కినాడు. సైకిలు నిలిచినది ఇనుము గట్టిదైనందున మాత్రమే కాదు, ఇచ్చిన మాట నిలిచినందున.

ఇక మార్పులను గూర్చి న్యాయముగా మాటాడవలె. కొత్తదనములో నిజమైన మేలు లేదనుట అసత్యము. 1989లో రాక్‌షాక్స్ కంపెనీ కుదుపులను మ్రింగు ముందు ఫోర్కును అమ్మకమునకు తెచ్చినది. 1990లో కొలరాడో రాష్ట్రములోని డురాంగోలో జరిగిన ప్రపంచ పోటీలలో, కొండ దిగు పందెమును గ్రెగ్ హెర్బోల్డ్ అట్టి ఫోర్కుతోనే గెలిచినాడు. తరువాత వచ్చిన డిస్కు బ్రేకు వానలోను, బురదలోను రిమ్ము బ్రేకు కంటె నమ్మకముగా పట్టునది. వీనిని కాదనువాడు కొండబాట ఎరుగనివాడే.

వివాదము తొలుత గేర్ల వద్ద మొలకెత్తినది. పూర్వపు గేరు మీట హేండిలు పైన ఉండి, కేవలము ఒరిపిడిచేత నిలుచునది. బొటనవ్రేలితో ఎంత నెట్టిన తీగ అంత లాగబడి, చైను పక్క పళ్ళచక్రము మీదికి పోవును. ఎంత నెట్టవలెనో తొక్కువాని చేతికి అలవాటు కావలె. 1984లో జపానుకు చెందిన షిమానో కంపెనీ ఈ నేర్పును మీటలోనికే చేర్చినది. టక్కుమని ఒక్క మెట్టు కదలినచో ఒక్క గేరు మారును. మొదట రహదారి సైకిళ్ళకు, కొద్ది యేండ్లలో కొండసైకిళ్ళకు ఈ సౌకర్యము వచ్చినది. సౌకర్యమే, సందేహము లేదు. కాని దానికొక వెల ఉన్నది. మీట, గేరు మార్చు పరికరము, పళ్ళచక్రములు - మూడును ఒకే లెక్కకు చేసినవై ఉండవలె. ఏడు పళ్ళచక్రముల లెక్క తొమ్మిదింటికి కుదరదు. 2016 నాటికి ఆ సంఖ్య పండ్రెండుకు పెరిగినది. ఒరిపిడి మీటకు ఈ బాధ లేదు. అది ఏడింటితోను పనిచేయును, తొమ్మిదింటితోను పనిచేయును. ఎవరు చేసినవను భేదము దానికి అంతగా లేదు.

ఈ వాదమును చిరకాలము వినిపించినవారిలో గ్రాంట్ పీటర్సన్ ముఖ్యుడు. అతడు జపానుకు చెందిన బ్రిడ్జ్‌స్టోన్ కంపెనీ అమెరికా శాఖలో సైకిళ్ళ రూపకల్పన చేసినవాడు. 1994లో ఆ శాఖ మూతపడినది. అదే సంవత్సరము అతడు కాలిఫోర్నియాలో రివెండెల్ అను చిన్న సంస్థను నెలకొల్పి ఉక్కు ఫ్రేములను, ఒరిపిడి మీటలను విడువక అమ్మినాడు. పందెగాండ్రకు కావలసినది వేరు, మామూలు మనిషికి కావలసినది వేరు అని అతని వాదము.

అటుపిమ్మట చక్రమే మారినది. 1999లో డబ్ల్యు.టి.బి. అను కంపెనీ 622 మిల్లీమీటర్ల రిమ్ముపై ఎక్కు లావైన కొండ టైరును చేసినది. దానినే 29 అంగుళముల చక్రమన్నారు. పెద్ద చక్రము రాతిని సులభముగా ఎక్కి దాటును. ఎడ్లబండి ఎరిగిన మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. చిన్న చక్రము తేలికగా తిరుగును, గట్టిగా నిలుచును. రెండింటికిని గుణములున్నవి. 2012 లండన్ ఒలింపిక్ పందెములో చెక్ దేశీయుడు యారొస్లావ్ కుల్హవీ 29 అంగుళముల చక్రముతో స్వర్ణము గెలిచినాడు. రెండవవాడైన స్విట్జర్లాండ్ దేశీయుడు నినో షుర్టర్ తొక్కినది 584 మిల్లీమీటర్ల రిమ్ము గల నడిమి కొలత చక్రము. ఆ తరువాత రెండు మూడేండ్లలోనే పెద్ద కంపెనీల మేలురకపు కొత్త నమూనాలనుండి 26 అంగుళముల చక్రము దాదాపు తొలగిపోయినది. ముప్పది యేండ్లు నిలిచిన కొలతకు ఇంత త్వరలో కాలము చెల్లినది.

దీనికంటె సూక్ష్మమైనది ఇరుసు కథ. 135 మిల్లీమీటర్ల వెనుక హబ్బు 142 అయినది. అప్పుడు ఇరుసే లావై, ఫ్రేములోనికి దూసి బిగించునదైనది. 2014లో 148 వచ్చినది. 157 కూడ వాడుకలోనికి వచ్చినది. స్పోకులు తగులుకొను అంచులను ఒక్కొక్క ప్రక్క మూడు మిల్లీమీటర్లు దూరము జరిపినచో పెద్ద చక్రము గట్టిపడునని 148కి చెప్పిన కారణము. కారణము సత్యమే. కాని ఆ మూడు మిల్లీమీటర్ల కొరకు, ఏ లోపమును లేని మంచి చక్రము కొత్త ఫ్రేమునకు పనికిరానిదైనది. కొత్త చక్రము పాత ఫ్రేమునకు ఎక్కనిదైనది.

మరొక ముచ్చట కలదు. పెడళ్ళ ఇరుసు గొట్టములో మరచుట్లు తీసివేసి, బేరింగులను బలముగా నొక్కి దిగవేయు పద్ధతిని 2000 సంవత్సరమున కానన్‌డేల్ కంపెనీ ప్రవేశపెట్టినది. బరువు తగ్గుననియు, తయారీ సులభమనియు పలువురు దాని వెంటబడినారు. అయితే కొలత వెంట్రుకవాసి తప్పినను తొక్కినప్పుడెల్ల కిర్రుమను చప్పుడు. ఆ చప్పుడును భరించలేక ఎన్నో కంపెనీలు మరల మరచుట్లకే వచ్చినవి. 2015లో వచ్చిన ఒక కొత్త ప్రమాణములో గొట్టము వెడల్పు కొత్తదే గాని, మరచుట్లు మాత్రము పాత ఉపాయమే. పాతదానిని విడువనివారు పదునైదేండ్లు ఏమియు మార్చకయే, లోకము తిరిగి వచ్చుచోటనే నిలిచి ఉన్నారు.

ఇన్ని చెప్పిన మీదట మా అభిప్రాయమును దాచుట తగదు. పాతది పాతదైనందుననే మంచిది కాదు. జారుడు బాటలో డిస్కు బ్రేకును కాదనుట మొండితనము. యౌవనములో తొక్కిన సైకిలు మీది మమకారమును శాస్త్రమని పిలుచుటయు పొరపాటు. కాని అభివృద్ధి వేరు, మార్పు వేరు. తొక్కువాని ప్రాణమును కాపాడు మార్పును, శ్రమను తగ్గించు మార్పును మనము స్వాగతింపవలె. పందెములో ఒక్క క్షణము కలిసివచ్చుట కొరకు చేసిన మార్పును, పందెమునకే పోని సామాన్యుని మీద విధింపనక్కరలేదు.

ఇచ్చట నష్టపోవుచున్నది ఎవరు? ఏటేట కొత్త సైకిలు కొనగలవాడు కాదు. ఒక్కసారి మంచి సైకిలు కొని, దానిని నూనె వేసి, తుడిచి, జాగ్రత్తగా వాడుకొనువాడు. అతని ఫ్రేము చెక్కు చెదరలేదు. అయినను దానికి తగిన మేలైన చక్రము, మేలైన టైరు, ఫోర్కు నానాటికి అరుదగుచున్నవి. వస్తువు అరిగిపోయి మూలపడుట ప్రకృతిధర్మము. అరుగకమునుపే మూలపడుట మాటతప్పుట. పాతసామానుల కొట్లలో 26 అంగుళముల రిమ్ములను వెదకువారు ఆ మాటను తమవంతుగా నిలుపుచున్నారు. మరీన్ యువకులు ఒకనాడు వెదకినదియు అట్టి కొట్లలోనే. ఆ వెదకులాటనుండి లోకమునకు ఒక కొత్త వాహనము లభించినది. కావున అట్టివాడు మనకెదురైనప్పుడు నవ్వక, అతని సైకిలును ఒకసారి దగ్గరగా చూచుట మంచిది.